కర్నూలు, కడపలలో బహిరంగ ప్రకటన ఫలకాల నియంత్రణ

బహిరంగ ప్రకటన ఫలకాల నియంత్రణ అంటే ఇళ్ళు, దుకాణాలు, ఖాళీ స్థలాలు, వీధుల వెంబడి బయటికి కనబడేలా పెట్టే బోర్డులు, హోర్డింగులు, ఫ్లెక్సీలు, గోడరాతలు ఎక్కడ ఉండవచ్చో, ఎంత పరిమాణంలో ఉండవచ్చో, ఎవరి అనుమతి కావాలో నిర్ణయించే నియమాల సముదాయం. ఆంధ్రప్రదేశ్‌లోని రాయలసీమ ప్రాంతానికి చెందిన కర్నూలు, కడప నగరాలలో ఇందుకు ప్రత్యేకించి ఒకే చట్టం అంటూ లేదు. పురపాలక చట్టాలు, భవన నిర్మాణ నియమాలు, రహదారి చట్టాలు, దుకాణాల చట్టం, పురావస్తు చట్టం తలా ఒక భాగాన్ని చెబుతాయి.

ఈ నియమాలు పట్టణ ప్రణాళికలో భాగంగా కాక పన్ను వసూలులో భాగంగా పుట్టాయి. అందువలన బోర్డు విస్తీర్ణం ఎన్ని చదరపు అడుగులు, దాని యజమాని ఎవరు, బకాయి ఎంత అన్న విషయాలు వాటిలో వివరంగా కనిపిస్తాయి. ఆ బోర్డును మోసే ఇనుప చట్రం ఈదురుగాలికి నిలుస్తుందా అన్న ప్రశ్నకు మాత్రం సమాధానం వేరే పుస్తకాలలో వెతకాలి.

రకాలు

జాతీయ భవన నిర్మాణ స్మృతి (2005, 2016 ముద్రణలు) పదవ భాగంలో బయటి ప్రకటన కట్టడాలకు ఒక విభాగం కేటాయించింది. నేలలో పాతిన స్తంభాలపై నిలిచేవి, మిద్దెపై నిలబెట్టేవి, గోడకు ఆనుకొని ఉండేవి, గోడనుండి వీధివైపు పొడుచుకొని వచ్చేవి, వసారాకు వేలాడేవి, తాత్కాలికమైనవి అని వాటిని విభజించింది. ఈ స్మృతి తనంతట తాను చట్టం కాదు. స్థానిక నియమాలు దానిని స్వీకరించిన మేరకే అమలులోకి వస్తుంది.

పురపాలక చట్టాలలో వీటికి తోడు మరొక ముఖ్యమైన పదం ఉంది. దానిని తెలుగులో "ఆకాశ ఫలకం" అనవచ్చు. వీధిలో ఏదైనా ఒక చోట నిలబడి చూసినపుడు, కట్టడం వెనుక కాక ఆకాశం నేపథ్యంగా కనిపించే ప్రకటన ఏదైనా ఆకాశ ఫలకమే. మిద్దెమీది హోర్డింగు, ప్రకటన కోసం ఎగురవేసిన బెలూను కూడా ఈ నిర్వచనంలోకి వస్తాయి. పిట్టగోడకు ఆనుకొని, దానికంటే కొద్ది ఎత్తు మాత్రమే లేచిన బోర్డుకు సాధారణంగా మినహాయింపు ఉంటుంది. పాతకాలపు నిర్వచనమే అయినా, మిద్దెపై బరువును, గాలిని దృష్టిలో ఉంచుకొని చూస్తే ఇది తెలివైన విభజన.

చరిత్ర

కర్నూలు పురపాలక సంఘం 1866లో, కడప పురపాలక సంఘం 1868లో ఏర్పడ్డాయి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో 1865 నాటి పట్టణాభివృద్ధి చట్టం తరువాత అనేక ఊళ్ళలో పురపాలక సంఘాలు వెలిశాయి. తరువాతి కాలంలో వీటికి 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం వర్తించింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1965లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం ప్రకటన పన్నుకు సంబంధించిన అధ్యాయాన్ని చాలావరకు మద్రాసు సంప్రదాయంలోనే రూపొందించింది.

కర్నూలు 1994లోను, కడప 2004లోను నగరపాలక సంస్థలయ్యాయి. దానితో వీటికి వర్తించే చట్టం మారింది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం, 1955 నాటి హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ల చట్టంలోని నిబంధనలను ఇతర నగరాలకు విస్తరించింది. నిజాము 1800లో దత్తమండలాలుగా ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న కడపకు, రెండు వందల ఏళ్ళ తరువాత హైదరాబాదు కోసం రాసిన పురపాలక చట్టం వర్తించడం ఒక విచిత్రం.

ఆదోని, ప్రొద్దుటూరు, నంద్యాల (2022 నుండి ప్రత్యేక జిల్లా కేంద్రం) వంటి పట్టణాలు పురపాలక సంఘాలుగా 1965 చట్టం కిందికి వస్తాయి. కాబట్టి కడపలోని ఒక వస్త్ర దుకాణానికీ, సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని ప్రొద్దుటూరులో అదే యజమాని నడిపే దుకాణానికీ బోర్డు విషయంలో ఆధారమయ్యే చట్టాలు వేరు. ఆచరణలో తేడా తక్కువే గాని, తాఖీదు అందుకున్నవారు దానిపై ఏ చట్టం పేరు ఉన్నదో ముందు చూడవలసి ఉంటుంది.

సొంత బోర్డు, పరాయి ప్రకటన

స్థలం యజమానికి ఎక్కువగా పనికివచ్చే భేదం ఇదే. 1965 చట్టం ప్రకటన పన్నును విధిస్తూనే కొన్నింటిని మినహాయించింది. ఆ స్థలంలోనో, ఆ కట్టడంలోనో జరిగే వ్యాపారానికి సంబంధించిన బోర్డు, కిటికీ లోపల ప్రదర్శించే ప్రకటన, ఆ ఇంటి పేరు లేదా యజమాని పేరు తెలిపే ఫలకం, ఆ ఇల్లు అమ్మకానికో అద్దెకో ఉన్నదని తెలిపే బోర్డు ఈ కోవలోనివి. బహిరంగ సభల ప్రకటనలు, ఎన్నికల అభ్యర్థిత్వ ప్రకటనలు కూడా పన్నునుండి మినహాయింపు పొందాయి.

వైద్యుడు తన ఇంటి గోడపై రాయించుకున్న పేరు, కిరాణా కొట్టు ముందు తగిలించిన బోర్డు సొంత బోర్డులు. అదే కొట్టు గోడపై సిమెంటు కంపెనీ పేరు రాస్తే అది పరాయి ప్రకటన. సొంత బోర్డులకు ఇచ్చిన మినహాయింపులో ఒక షరతు ఉంది, అది ఆకాశ ఫలకం కాకూడదు. అంటే ప్రొద్దుటూరులోని నగల వ్యాపారి తన దుకాణం పేరునే తన మిద్దెపై ఇనుప చట్రం కట్టించి నిలబెడితే, పేరు తనదే, మిద్దె తనదే అయినా మినహాయింపు దక్కదు.

పేరు తెలిపే బోర్డు ఎప్పుడు ప్రకటన అవుతుందన్న వివాదం ముంబయి నుండి ఒక బ్యాంకు ఏటీఎం బోర్డు విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ప్రకటన అనిపించుకోవాలంటే దానికి వ్యాపార ప్రయోజనంతో సంబంధం ఉండాలని 2005 నాటి ఆ తీర్పు పరిశీలించింది. అయినా శీతల పానీయాల కంపెనీ ఉచితంగా చేయించి ఇచ్చే బోర్డులు ఈ గీతకు రెండువైపులా నిలుస్తాయి. పై సగంలో కంపెనీ గుర్తు, కింద చిన్న అక్షరాలలో దుకాణం పేరు ఉంటాయి. దుకాణదారుకు బోర్డు ఖర్చు మిగులుతుంది. అది సొంత బోర్డా, పరాయి ప్రకటనా అన్న తగువు మాత్రం అతని గుమ్మానికే వస్తుంది.

అనుమతి విషయంలో 1965 చట్టం కమిషనరు లిఖితపూర్వక అనుమతిని తప్పనిసరి చేసింది. ఉపనియమాలకు విరుద్ధంగా ఉన్నా, పన్ను చెల్లించకపోయినా అనుమతి ఇవ్వరాదని చెప్పింది. ఇచ్చిన అనుమతి కూడా కొన్ని సందర్భాలలో దానంతటదే రద్దవుతుంది. ఫలకంలో చెప్పుకోదగ్గ మార్పు చేసినపుడు, ప్రమాదవశాత్తు కాకుండా అది పడిపోయినపుడు, దానిని మోసే కట్టడానికి చేసిన మార్పులు ఫలకాన్ని కదిలించినపుడు, కట్టడాన్ని కూల్చినపుడు అనుమతి చెల్లదు. మిద్దెపై మరో అంతస్తు లేపి, హోర్డింగును దానిపైకి ఎక్కించినవారు పాత అనుమతి పత్రం చూపడం వలన ప్రయోజనం ఉండదన్న మాట.

అన్నిటికంటే కఠినమైనది బాధ్యతకు సంబంధించిన నిబంధన. అనుమతి లేని ప్రకటన ఒక స్థలంలో కనిపిస్తే, ఆ స్థలం యజమాని లేదా అందులో ఉంటున్న వ్యక్తే దానిని పెట్టినట్లు చట్టం భావిస్తుంది. తనకు తెలియకుండా, తన అదుపులో లేనివారు పెట్టారని నిరూపించుకొనే భారం అతనిదే. నెలకింత అని మాట్లాడుకొని మిద్దెను ప్రకటనల ఏజెన్సీకి అద్దెకిచ్చి ఊరుకొనే యజమానులు సాధారణంగా గమనించని విషయం ఇది. అద్దె ఒప్పందంలో అనుమతి, కట్టడ భద్రత, తొలగింపు ఖర్చు ఎవరివన్నది రాసుకోకపోతే, తాఖీదు వచ్చిన రోజున ఏజెన్సీ కంటే యజమానే అధికారులకు ముందు దొరుకుతాడు.

పన్ను, గుత్త, రుసుము

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 55వ అంశం వార్తాపత్రికలు, రేడియో, టెలివిజన్లలో వచ్చేవి కాక మిగిలిన ప్రకటనలపై పన్ను వేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. పురపాలక సంఘాలు వసూలు చేసిన ప్రకటన పన్నుకు ఇదే మూలం. వసూలును ఒకసారికి ఏడాదికి మించకుండా గుత్తకు ఇచ్చే వీలు కూడా 1965 చట్టంలో ఉంది. సంతలకు, పశువుల దొడ్లకు గుత్త పాడినట్లే ఊరిలోని బోర్డులకు కూడా గుత్త పాడవచ్చు. గుత్తదారుకు బోర్డులు ఎన్ని ఉంటే అంత ఆదాయం. వాటిని తగ్గించాలన్న కోరిక అతనికి ఉండవలసిన అవసరం లేదు.

2016 నాటి 101వ రాజ్యాంగ సవరణ 55వ అంశాన్ని తొలగించింది. 2017 జూలై 1 నుండి వస్తు సేవల పన్ను అమలులోకి రావడంతో ప్రకటన సేవలు ఆ పన్ను కిందికి వెళ్ళాయి. ఆ తరువాత స్థానిక సంస్థలకు మిగిలిన ఆధారాలు లైసెన్సు రుసుము, సొంత స్థలాల అద్దె.

పన్నుకూ రుసుముకూ చట్టంలో ఉన్న తేడా ఇక్కడ ముఖ్యం. పన్నుకు బదులుగా ఫలానా సేవ చేయాలన్న నియమం లేదు. లైసెన్సు రుసుము మాత్రం నియంత్రణ అనే పనికి సంబంధించినది. రుసుము తీసుకొని ఫలకాన్ని ఒక్కసారైనా తనిఖీ చేయకపోతే ఆ రుసుము దేనికన్న ప్రశ్న న్యాయంగానే వస్తుంది.

వినియోగ మండలాలు

అమెరికాలోని పట్టణాలలో ఫలకాల నియమాలు ఎక్కువగా మండల నియమావళిలోనే ఒక అధ్యాయంగా ఉంటాయి. నివాస మండలంలో ఇంత, వ్యాపార మండలంలో ఇంత అని ప్రతి స్థలానికీ కొలత ఉంటుంది. అక్కడ వాటిపై వచ్చే ప్రధాన అభ్యంతరం వాక్ స్వాతంత్ర్యానికి సంబంధించినది. ఒక చర్చి పెట్టిన దారి చూపే బోర్డుల విషయమై 2015లో అమెరికా సుప్రీంకోర్టు, బోర్డుపై రాసిన విషయాన్నిబట్టి వేర్వేరు కొలతలు పెట్టడం చెల్లదని తీర్పు చెప్పింది.

కర్నూలు, కడపలలో మండలం పరోక్షంగా ప్రవేశిస్తుంది. బృహత్ ప్రణాళిక నగరాన్ని నివాస, వాణిజ్య, పారిశ్రామిక, ప్రజోపయోగ, వినోద మండలాలుగా విభజిస్తుంది. ఏ మండలంలో ఏ వ్యాపారం నడపవచ్చో తేలితే, దాని సొంత బోర్డు ఎక్కడ ఉండవచ్చో కూడా తేలినట్లే. నివాస వీధిలో అనుమతి లేకుండా నడిచే దుకాణానికి బోర్డే మొదటి సాక్ష్యమవుతుంది. రెండవది ఖాళీ స్థలం. 2017 మార్చి 28న జీవో 119 ద్వారా వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు కట్టడం చుట్టూ రోడ్డు వెడల్పు, కట్టడం ఎత్తులను బట్టి ఖాళీ స్థలం వదలాలని చెబుతాయి. ఆ స్థలంలో హోర్డింగు స్తంభం పాతితే అది బోర్డు సమస్యగా కాక భవన నియమాల ఉల్లంఘనగా కూడా మారుతుంది.

కర్నూలులో కొండారెడ్డి బురుజు పరిసరాలు, రాజ్‌విహార్ కూడలి, బళ్ళారి చౌరస్తా, కడపలో ఏడురోడ్ల కూడలి, కోటిరెడ్డి సర్కిల్ వంటి చోట్ల ఎక్కువమంది కళ్ళు పడతాయి కాబట్టి ప్రకటనలకు గిరాకీ కూడా అక్కడే ఎక్కువ. వాహనదారుడు చూపు మరల్చకూడని చోట్లు కూడా అవే.

రహదారులు, తీగలు, కోటలు

కర్నూలు మీదుగా 44వ జాతీయ రహదారి (పాత 7వ నంబరు) వెళుతుంది. కర్నూలు, నంద్యాల, కడప, రాయచోటి పట్టణాలను 40వ జాతీయ రహదారి (పాత 18వ నంబరు) కలుపుతుంది. జాతీయ రహదారి భూమిపై అధికారం 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టం కింద కేంద్రానిది. నగరపాలక సంస్థ ఇచ్చిన అనుమతి అక్కడ సరిపోదు. రహదారి పక్క ప్రకటనల గురించి భారత రోడ్ల కాంగ్రెసు 1972లో ప్రచురించిన 46వ నంబరు విధాన పత్రం కూడళ్ళకు, వంతెనలకు 100 మీటర్ల లోపల ప్రకటనలు ఉండరాదని, పట్టణాలలో చూపుకు అడ్డం లేకపోతే ఈ దూరాన్ని 50 మీటర్లకు తగ్గించవచ్చని సూచించింది. పై పేరాలలో చెప్పిన కూడళ్ళకు ఈ కొలత పెట్టి చూస్తే ఎన్ని మిగులుతాయన్నది ఆసక్తికరమైన లెక్క.

విద్యుత్తు తీగల విషయంలో దూరాలు మీటర్లలో నిర్దేశించబడ్డాయి. 11 కిలోవోల్టుల తీగకు కట్టడం నుండి నిలువుగా 3.7 మీటర్లు, అడ్డంగా 1.2 మీటర్ల ఎడం ఉండాలి. ఇనుప చట్రంపై ఫ్లెక్సీ బిగించే కూలీలకు ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి. రెండు జిల్లాలలోను విద్యుత్తు పంపిణీ ఆంధ్రప్రదేశ్ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఆధ్వర్యంలో ఉంది.

గండికోట, సిద్ధవటం కోటల వంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆ పైన 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతం ఉంటాయి. అక్కడ స్తంభం పాతడం పురావస్తు శాఖ పరిధిలోని విషయం.

అశ్లీల పోస్టర్లు, బహిరంగ స్థలాల వికృతీకరణ గురించి రాష్ట్రంలో 1997లో ప్రత్యేక చట్టం వచ్చింది.

భాష

బోర్డు ఏ భాషలో ఉండాలన్నది పురపాలక విషయం కాదు, కార్మిక శాఖ విషయం. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం కింద 1990లో చేసిన నియమాల ప్రకారం సంస్థ నామఫలకం తెలుగులో ఉండాలి. ఇతర భాషలు వాడితే అవి తెలుగు కింద ఉండాలి. ఉర్దూ మాట్లాడేవారు గణనీయంగా ఉన్న కర్నూలు, కడపలలో మూడు లిపుల బోర్డులు చిరకాలంగా ఉన్నాయి. 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా గుర్తిస్తూ చట్ట సవరణ జరిగింది.

2005లో కడప పేరుకు ఆంగ్లంలో బ్రిటిషు కాలంనుండి వస్తున్న వర్ణక్రమాన్ని ప్రభుత్వం మార్చి, తెలుగు ఉచ్చారణకు దగ్గరగా చేసింది. ఊరిలోని బోర్డులన్నిటిపై కింది వరుసను మార్చవలసి వచ్చింది. పైనున్న తెలుగు వరుసను ఎవరూ ముట్టుకోనవసరం లేకపోయింది.

గాలి, బరువు

రాయలసీమ అనగానే గుర్తుకు వచ్చేది వాన లేకపోవడం. తుఫానులు కోస్తాకే పరిమితమన్న భావన వలన ఇక్కడ గాలిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఏప్రిల్, మే నెలలలో సాయంత్రం పూట హఠాత్తుగా లేచే ఈదురుగాలులు ఆ భావనను ఏటా తప్పని చూపుతాయి. కట్టడాలపై గాలి భారాన్ని లెక్కించే భారతీయ ప్రమాణం 875 మూడవ భాగం, విజయవాడకు సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44, కర్నూలుకు 39 మీటర్లను మూల వాయువేగంగా ఇచ్చింది. కర్నూలు అంకె తక్కువగా అనిపించవచ్చు. గంటకు లెక్కిస్తే అది 140 కిలోమీటర్లు.

గాలి పీడనం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఆ ప్రమాణంలోని సూత్రం ప్రకారం వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు న్యూటన్లలో పీడనం వస్తుంది. 39 మీటర్ల వేగానికి అది సుమారు 913 న్యూటన్లు, అంటే దాదాపు 93 కిలోల బరువు నొక్కినట్లు. 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గల మామూలు హోర్డింగు విస్తీర్ణం సుమారు 18.6 చదరపు మీటర్లు. దానిపై మొత్తం తోపు 1,700 కిలోలు దాటుతుంది. ఎత్తు, పరిసరాలు, ఫలకం ఆకారాలను బట్టి ఈ అంకె మారుతుంది. ఇంజనీరు వాటన్నిటినీ కలిపి లెక్కిస్తాడు. ఈ తోపు కిందికి కాదు, పక్కకు. కాబట్టి చట్రం విరగకపోయినా, దానిని పట్టి ఉంచే బోల్టులు, పిట్టగోడ ఊడిరావచ్చు. పాతపేటలలోని మట్టి మిద్దెలు, బండలు పరచిన మిద్దెలు ఇటువంటి లాగుడును భరించడానికి కట్టినవి కావు.

2024 మే 13న ముంబయిలోని ఘాట్కోపర్‌లో ఈదురుగాలికి ఒక హోర్డింగు పెట్రోలు బంకుపై కూలి 17 మంది మరణించారు. దాని కొలత 120 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు. అక్కడి నగరపాలక సంస్థ గరిష్ఠ పరిమితి 40 అడుగులకు 40 అడుగులు. రైల్వే పోలీసుల ఆధీనంలోని స్థలంలో ఉన్నందున నగరపాలక సంస్థ అనుమతి అవసరమా కాదా అన్న వాదన ప్రమాదం తరువాత కూడా సాగింది. కర్నూలు, కడపలలో కూడా రైల్వే, ఆర్టీసీ, రహదారి, పురపాలక భూములు పక్కపక్కనే ఉంటాయి.

తెలంగాణ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో జీవో 68 ద్వారా హైదరాబాదులో నేలనుండి 15 అడుగులకు మించిన ఎత్తులో ప్రకటనలను నిషేధించింది. ఎత్తుకు ఒకే గీత గీస్తే ఆకాశ ఫలకం నిర్వచనంపై తగువు పడనవసరం ఉండదు. ప్రైవేటు స్థలంలోని హోర్డింగులను కూడా ప్రభుత్వం లైసెన్సుల ద్వారా నియంత్రించవచ్చని తమిళనాడు నియమాలపై వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2008లోనే సమర్థించింది. అధికారం లేదన్న సమస్య ఆ తరువాత మిగలలేదు.

ఫ్లెక్సీలు

2000 సంవత్సరం తరువాత ప్లాస్టిక్ గుడ్డపై యంత్రంతో ముద్రించే ఫ్లెక్సీలు వ్యాపించి, బోర్డులు రాసే చిత్రకారుల వృత్తిని దెబ్బతీశాయి. చేతితో రాసిన బోర్డు ఏళ్ళ తరబడి ఉండేది కాబట్టి అనుమతి పద్ధతికి ఒదిగింది. పుట్టినరోజుకో, నాయకుని రాకకో ఒక రాత్రిలో కట్టి వారానికి వదిలేసే ఫ్లెక్సీ, దరఖాస్తు కార్యాలయంలో కదిలేలోపే తన పని ముగించుకుంటుంది. 2019 సెప్టెంబరులో చెన్నైలో రోడ్డు మధ్య కట్టిన ఒక పెళ్ళి ఫ్లెక్సీ స్కూటరుపై వెళుతున్న 23 ఏళ్ళ యువతిపై పడింది. ఆమె వెనుక వస్తున్న లారీ కింద పడి మరణించింది. ఆ ఫ్లెక్సీ వంటివాటికి మిద్దె యజమాని ఉండడు, అద్దె ఒప్పందం ఉండదు. బాధ్యతను స్థలం యజమానిపై మోపే పాత నిబంధన విద్యుత్ స్తంభానికి కట్టిన గుడ్డ ముందు నిస్సహాయంగా నిలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీలపై నిషేధం ప్రకటించింది. అమలు తేదీని మొదట 2022 నవంబరు 1గా నిర్ణయించి, ముద్రణాలయాల వారి వినతులపై 2023 జనవరి 26కు వాయిదా వేసింది. ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమలులోకి వచ్చినపుడు మాత్రం ప్రభుత్వ స్థలాలలోని రాజకీయ ఫ్లెక్సీలను పురపాలక సిబ్బంది నిర్ణీత గంటలలో తొలగిస్తారు. ఇలా దించిన గుడ్డలు, వాడి వదిలేసిన గుడ్డలు పల్లెలకు చేరి గుడిసెల పైకప్పులపైన, వేరుశనగ కుప్పలపైన పరదాలుగా, తోపుడు బండ్లకు నీడగా మరికొన్నేళ్ళు ఉపయోగపడతాయి.